నీళ్ళ డాక్టరు గడ్డం

నీళ్ళ డాక్టరు ప్రతిరోజూ ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు తన గడ్డానికి స్నానం చేయిస్తాడు. ఒంటికి కాదు, గడ్డానికి. ఒంటి స్నానం ఆరింటికే అయిపోతుంది. తొమ్మిది కొట్టగానే పెరట్లోకొచ్చి, ఈతకొలను గట్టున పాత దుప్పటి పరిచి, దాని మీద బోర్లా పడుకుని, మెడ ముందుకు చాచి, జానెడు పొడుగు తెల్ల గడ్డాన్ని నీళ్ళలోకి వదిలిపెడతాడు. అరగంట అలాగే ఉంటాడు. ఆ అరగంటా ఎవరేం అడిగినా తల తిప్పడు. తిప్పితే గడ్డం నీళ్ళలోంచి బయటికొస్తుందట.

పక్క వాటాలోకి కొత్తగా దిగిన టైలరు మొదటిరోజు గోడ మీంచి ఈ దృశ్యం చూసి, పెద్దాయన గుండె ఆగి పడిపోయాడనుకుని, గోడ దూకి వచ్చి రెండు కాళ్ళూ పట్టుకుని వెనక్కి లాగాడు. "నాయనా, ఇంకా పదకొండు నిమిషాలుంది, వదులు" అన్నాడు డాక్టరు, నీళ్ళకేసి చూస్తూనే. టైలరు వదిలేశాడు. పాపం, ఇల్లు మారదామా అని ఆ సాయంత్రమే భార్యతో అన్నాడట. మారలేదు. నెల తిరిగేసరికి వాళ్ళింట్లో ఆ తొమ్మిది గంటల స్నానం చూసి గడియారం సరిచేసుకోవడం మొదలుపెట్టారు.

డాక్టరన్నది వీధి పెట్టిన పేరు. నిజానికి ఆయన ముప్పై నాలుగేళ్ళు రంగుల కంపెనీలో ఛాయలు కలిపే ఉద్యోగం చేశాడు. అందులోనూ తెలుపు ఆయన సొంతం. మనకి తెలుపంటే ఒక్కటే. ఆయనకి నలభై రెండు. పాల తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు, ఉడికిన గుడ్డు తెలుపు వేరు, వాన వెలిశాక మబ్బు తెలుపు వేరు. వేరే ఊళ్ళో ఆసుపత్రి గోడకి వేసిన తెలుపు తేడా వచ్చిందని ఫిర్యాదొస్తే, పెచ్చు ఊడబెరికి ఈయన దగ్గరికి పంపేవాళ్ళు. ఈయన కిటికీ దగ్గర నిలబడి చూసి, ఫలానా నెలలో కలిపిన డ్రమ్ము అని చెప్పేసేవాడు. అలాంటి కళ్ళు రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నీళ్ళ మీద పడ్డాయి.

కొలను పక్కన ఒక చిన్న గది ఉంది. ఇంట్లోవాళ్ళు దాన్ని ఆసుపత్రి అంటారు. నిండా గాజు గొట్టాలు, చుక్కల సీసాలు, రంగుల అట్టలు. పొద్దునోసారి, ఎండెక్కాక ఓసారి, సాయంత్రం ఓసారి గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, మూత బిగించి ఆడించి, అట్ట పక్కన పెట్టి చూస్తాడు. గొట్టంలో నీళ్ళు పసుపు తిరిగితే పులుపు ఎక్కువైందని కాస్త సోడా, మరీ ఎర్రబడితే క్షారం ఎక్కువైందని కాస్త యాసిడ్. రెంటికీ మధ్య లేత నారింజ దాటి ఎరుపు అందుకోబోయే చోట ఆపాలి. "పీహెచ్ ఏడున్నరకి కాస్త ఇటుగా. మనిషి కన్నీళ్ళదీ అదే లెక్క. అందుకే ఆ నీళ్ళలో కళ్ళు తెరిచినా మండవు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. వచ్చినవాళ్ళు కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చి ఉంటారు.

ఆయన పాఠం ఒకసారి మొదలైతే ఆగదు. క్లోరిన్ కాపలావాడట. నీళ్ళలోకొచ్చిన ప్రతి పురుగునీ పట్టుకుంటాడు. కానీ క్షారం ఎక్కువైతే కునికిపాట్లు పడతాడు. ఎండ తగిలితే ఆవిరైపోతాడు. అందుకని ఎండ తగలకుండా వాడికి గొడుగు పట్టే మందు ఇంకోటి వేయాలి. ఆ గొడుగు మందు మరీ ఎక్కువైతే కాపలావాడు పని మానేసి గొడుగు కిందే కూర్చుంటాడు. "అంటే ఉద్యోగస్తుడన్నమాట" అన్నాడు అల్లుడు ఒకసారి. అల్లుడు ఉద్యోగస్తుడే.

యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఒక గదిలో పెట్టడు. ఒకటి ఆసుపత్రిలో ఉంటే రెండోది ఇంటికి ఆ చివర. ఇద్దరూ తోడికోడళ్ళట, విడివిడిగా బంగారాలట, ఒకే చోట ఉంటే వీధి వీధంతా ఖాళీ చేయాలట. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలిగాని నీళ్ళని యాసిడ్‌లో పోయకూడదన్న నియమం ఆయనకు ఎంత తలకెక్కిందంటే, వంటింట్లో ఎవరైనా డికాషన్‌లో పాలు పోస్తుంటే గుమ్మం దాటి రెండడుగులు వెనక్కి వేసేవాడు.

ఒకసారి బంధువుల విందుకని హోటలుకి వెళ్ళారు. అక్కడి ఈతకొలను దగ్గర ఘాటుగా వాసన. "అబ్బ, క్లోరిన్ దండిగా పోసినట్టున్నారు" అన్నారెవరో మెచ్చుకోలుగా. అంతే, ఆయన జేబులోంచి గొట్టం తీశాడు. విందుకొచ్చినప్పుడు కూడా జేబులో గొట్టం ఉంటుంది. చుక్కలు వేసి చూసి, నీళ్ళలో ఉన్నవాళ్ళందర్నీ ఉద్దేశించి, ఆ వాసన క్లోరిన్ ఎక్కువై కాదనీ, చాలకనీ, ఉన్న కాస్తా జనాల చెమటతోనూ ఇంకా చెప్పకూడనివాటితోనూ పోట్లాడి అలిసిపోతే వచ్చే వాసన అదనీ వివరంగా సెలవిచ్చాడు. చెప్పకూడనివి ఏమిటో కూడా చెప్పాడు. రెండు నిమిషాల్లో కొలను ఖాళీ. మేనేజరు ఆయన్ని చెయ్యి పట్టుకుని సాదరంగా భోజనాల గదిలోకి తీసుకెళ్ళి, కొలనుకి వీపు చేసి కూర్చోబెట్టాడు.

ఇంత వైద్యం జరిగే నీళ్ళు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. అడుగున రూపాయి బిళ్ళ వేస్తే బొమ్మో బొరుసో పైనుంచి కనపడుతుంది. అయినా మూడేళ్ళుగా ఆ నీళ్ళలో ఒక్క మనిషి కాలు పెట్టలేదు. పెట్టనివ్వడు. కొలను చుట్టూ కంచె, కంచెకి గేటు, గేటుకి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకి. ఎవరు అడిగినా ఒకటే మాట. "ఇంకా కుదరలేదు."

అల్లుడు ఒక ఎండాకాలం చెడ్డీ వేసుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాడు. డాక్టరు లోపల గొట్టాలు ఆడిస్తూనే ఉన్నాడు. చివరికి "ఇవాళ కాదు బాబూ, సాయంత్రానికి చూద్దాం" అన్నాడు. ఏ సాయంత్రమో చెప్పలేదు. అల్లుడు అదే చెడ్డీతో మోటారు సైకిలు కడుక్కుని తృప్తిపడ్డాడు.

వీళ్ళందరి సంగతి అలా ఉంచండి. ఆ నీళ్ళ కోసం నిజంగా ప్రాణం కొట్టుకుపోతున్న మనిషి ఆ ఇంట్లో ఒకావిడ ఉంది. ఆయన భార్య. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసింది. నీళ్ళంటే కెవ్వుమనే పిల్లలు వందలమందికి ఈత నేర్పి ఒడ్డెక్కించింది. అసలు పెరట్లో కొలను తవ్వించిందే ఆవిడ కోసం. రిటైరైన ఏడాది ఆయనే పూనుకుని కట్టించాడు. మొదటి రెండేళ్ళూ రోజూ తెల్లారుతూనే నలభై రౌండ్లు కొట్టేది. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆవిడకి మోకాళ్ళ నొప్పి ఉండేది కాదు, వయసు ఉండేది కాదు, పొయ్యి మీద ఏం పెట్టి వచ్చిందో గుర్తుండేది కాదు.

ఇప్పుడు ఆ కొలను కిటికీలోంచి కనపడుతూనే ఉంటుంది. అదే పెద్ద శిక్ష. కూరగాయలు కడిగే నీళ్ళలో చేతులు పెట్టి అలాగే నిలబడిపోయేది. నిద్రలో కాళ్ళాడించేది. ఏడాదికోసారి బీరువాలోంచి నల్లటి ఈత దుస్తులు తీసి, దులిపి, మళ్ళీ అదే మడతలో పెట్టేది. కొలనుని పట్టుకుని "మా సవతి" అనేది అందరితో. నవ్వుతూనే అనేది. "పొద్దున లేస్తే దాని మొహం చూడకుండా మంచినీళ్ళు ముట్టరు, నాకు జ్వరమొచ్చి మూడ్రోజులైతే మాత్రం మాత్ర వేసుకో అంటారు. దానికి మాత్రం రోజుకి మూడుసార్లు పరీక్ష." వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. టీచరమ్మ లోపలికొచ్చి కిటికీ దగ్గర నిలబడేది.

అసలు తాళం ఎందుకు పడిందో ఆవిడకి తెలుసు. తెలుసనే అనుకుంది. మూడేళ్ళ కిందట జోరుగా వానలు పడి కొలనులో నాచు పట్టింది. నాచు మందు వారానికి ఒక మూత చాలన్నాడు కొట్టతను. ఈయన ఒకేసారి మూడు మూతలు పోశాడు. ఆ మందులో రాగి ఉంటుంది. నాచుని చంపుతుంది, నిజమే. ఎక్కువైతే మాత్రం నీళ్ళలో మిగిలిపోయి తెల్లజుట్టుని పట్టుకుంటుంది. నల్లజుట్టుకి పట్టినా ఎవరికీ కనపడదు. టీచరమ్మకి నలభై దాటకముందే తల ముగ్గుబుట్ట. తలకి రబ్బరు టోపీ పెడితే తలనొప్పని ఎప్పుడూ పెట్టుకునేది కాదు. నాలుగు రోజులు మామూలుగా ఈదింది. అయిదో రోజు బళ్ళో పాత విద్యార్థుల సభ, ఆవిడకి సన్మానం. వేదిక మీద దీపాలు వెలిగేసరికి ఆవిడ తల లేత జామకాయ రంగులో నిగనిగలాడింది.

ఆవిడ చేత దెబ్బలు తిన్న పిల్లలంతా ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకావిడ లేచి, "టీచర్, ఈ రంగు ఏ పార్లర్లో వేయించుకున్నారో మాకూ చెప్పరూ" అంది. సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది టీచరమ్మే. అప్పటి ఫొటోలో కూడా ఆవిడ పొట్ట పట్టుకునే ఉంది. ఇంటికొచ్చి జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది, ఆరు నెలల్లో మళ్ళీ తెల్లగా వచ్చింది, ఆ సంగతే మర్చిపోయింది. ఆయన మాత్రం ఆ సభలో భోజనం ముట్టలేదు. మర్నాడు కొలనులో నీళ్ళన్నీ తోడించి కొత్తవి పట్టించి, కంచె వేయించి తాళం పెట్టాడు. పదిహేను రోజులన్నాడు. ఆ పదిహేను రోజులు ఇంకా పూర్తవలేదు. జరిగినదాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. రంగుల్లో తలపండినవాడి పరువు పోయింది కదా, ఆ పంతం నీళ్ళ మీద చూపిస్తున్నాడనుకుంది ఆవిడ. ఆయన పేరుప్రతిష్ఠల కోసం తన ఈతని ఎండబెట్టాడని మనసులో ఒక మూల కోపం కూడా ఉండేది.

గడ్డం పెంచడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. "ఎందుకండీ ఈ బైరాగి వేషం?" అంటే "చలికి" అన్నాడు. ఎండాకాలంలో అడిగితే "ఎండకి" అన్నాడు. నున్నటి గుండు, కింద పొడుగాటి గడ్డం. తల తిరగేసి పెట్టినట్టున్నారు నాన్నా అని కూతురు అంటే, ఆయనకి నవ్వు కూడా రాలేదు.

ఆ కూతురే ఒక ఆదివారం వచ్చి తేల్చేసింది. అరవై ఆరేళ్ళ మనిషి యాసిడ్ డబ్బాలు మోయడం, రోజూ గట్టు మీద బోర్లా పడుకోవడం, ఎప్పుడో జారి లోపల పడితే ఈత కూడా రాకపోవడం, ఇవన్నీ చెప్పి, ఎవరూ దిగని నీళ్ళకి ఇంత చాకిరీ ఎందుకంది. పూడ్చేసి ఆ చోట రెండు గదులు వేస్తే మేడ మెట్లెక్కే బాధ కూడా తప్పుతుందంది. మేస్త్రీతో అల్లుడు మాట్లాడేశాడు. సోమవారం పదకొండింటికి కొలతలకొస్తాడు.

"నువ్వేమంటావమ్మా?" అంది కూతురు.

టీచరమ్మ భర్తకేసి చూసింది. ఒక్క మాట, నీకు కావాలా అని ఆయన ఒక్క మాట అడిగితే చాలు, కంచె మీంచి దూకి అయినా దిగేసేది. ఆయన చేతిలో గొట్టాన్ని వెలుగుకేసి ఎత్తి చూస్తున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. "పూడ్చేయించండి" అంది. గొట్టం ఆయన చేతిలో అలాగే ఆగిపోయింది. "ఇంకొక్క నెల ఆగితే..." అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. ఆ రోజంతా ఆయన ఆసుపత్రిలోంచి బయటికి రాలేదు. ఆవిడ కిటికీ తలుపు వేసేసి, మర్నాటి దాకా తీయలేదు.

ఆ వీధి సెలూన్‌కి సోమవారం సెలవు. నెలకో సోమవారం బార్బరు ఇంటికొచ్చి, వెనక వసారాలో ఆకుపచ్చ ఫైబర్ రేకు కింద కుర్చీ వేసి, డాక్టరు గడ్డం కొసలు కత్తిరిస్తాడు. ఆ రోజూ వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా అందరి తలలూ చూసినవాడు, ఎవరి సంగతీ ఎవరికీ చెప్పని మనిషి. పనయ్యాక సంచీ సర్దుకుని వెళ్ళబోతూ, ఎందుకో వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మా, ఒక్క మాట. సారు కళ్ళు ఓసారి చూపించండి."

ఏమైందని అడిగింది టీచరమ్మ.

"నెలనెలా గడ్డం కొసలు కత్తిరించి కాయితం మీద పెట్టి ఇస్తాను. పచ్చగా ఉందా అని అడుగుతారు. కింద పడ్డవి పెరట్లో పారబోస్తూ చూస్తే తెల్లగానే ఉంటాయమ్మా, అదే చెబుతాను. నీకు కళ్ళు లేవు, ఇది పచ్చే అంటారు. మూడేళ్ళుగా ఇదే వరస."

"ఆయన గడ్డం పచ్చగా ఉంటే ఎవరిక్కావాలి?"

బార్బరు ఆవిణ్ణి వింతగా చూశాడు. "మీక్కావాలి కదమ్మా. మళ్ళీ మీ జుట్టు పాడవకూడదనే కదా ఆయన గడ్డం పెంచింది. నెత్తి మీద చూద్దామంటే ఒక్క వెంట్రుక లేదాయె. రంగుల కంపెనీలో గోడకి వేసేముందు పలక మీద వేసి చూస్తారటగా, ఈ గడ్డమే పలక అన్నారు నాతో. అది తెల్లగా తేలిన రోజున మిమ్మల్ని దింపుతారట. మీకు తెలుసనుకున్నాను."

అతను వెళ్ళిపోయాడు. టీచరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. వేసవీ లేదు, చలీ లేదు, మూడేళ్ళపాటు పొద్దున్నే బోర్లా పడుకున్న మనిషి కళ్ళ ముందు కదిలాడు. దారినపోయేవాళ్ళు నవ్వితే నవ్వనిచ్చాడు, కూతురు వేళాకోళమాడితే ఊరుకున్నాడు, తను సవతి అంటే విని తల వంచుకున్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెంటనే డ్రిల్లు టీచరు మేల్కొంది. పరీక్షలో తప్పెక్కడో చూడకుండా ఏడవడమేమిటని విసవిసా వసారాలోకి నడిచింది.

ఆయన కుర్చీలో కూర్చుని, కాయితం మీద వెంట్రుకలని భూతద్దంతో చూస్తున్నాడు. ఆవిణ్ణి చూడగానే కాయితం చొక్కా కింద దాచాడు.

"ఇటివ్వండి" అంది. ఇచ్చాడు.

ఆవిడ రేకు కింద నిలబడి చూసింది. పచ్చగానే ఉంది, లేతగా. ఆయన చెప్పింది నిజమే. పెరటి మధ్యకెళ్ళి ఎండలో చూసింది. తెల్లగా ఉన్నాయి. వెనక్కి వచ్చింది, పచ్చ. మళ్ళీ ఎండలోకి వెళ్ళింది, తెలుపు. నాలుగుసార్లు లోపలికీ బయటికీ కవాతు చేసి, ఆఖరికి ఆయన ముందు నిలబడి, వేలు పైకి చూపించింది. ఆయన తలెత్తి చూశాడు. నెత్తి మీద ఆకుపచ్చ రేకు ఎండకి ధగధగా మెరుస్తోంది.

ఆ రేకు వేయించింది టీచరమ్మే. గడ్డం ఆరబెట్టుకుంటూ ఎండలో కూర్చుంటే బట్టనెత్తి పొక్కిపోతోందని, ఆయన వద్దంటున్నా వినకుండా, మూడేళ్ళ కిందట మనిషిని పిలిపించి బిగింపించింది. రంగు కూడా ఆవిడే ఎంచింది. కళ్ళకి చలవని.

డాక్టరు లేచి కాయితం తీసుకుని ఎండలోకి వెళ్ళాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. "ఛాయ చూడాలంటే ఆరుబయటికి పో. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాణ్ణి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. రాగి ఉందో లేదో చూసే చుక్కలు మూడేళ్ళుగా సున్నా అనే చెబుతున్నాయి. సీసా చుక్కలు పొరబడతాయిగాని తన కళ్ళు పొరబడవని ఆయన వాటిని నమ్మలేదు.

టీచరమ్మకి నవ్వు ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే మూడేళ్ళు గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయింది. ఎన్ని తెల్లవారుజాములు, ఎన్ని రౌండ్లు. కోప్పడదామంటే ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. తాళం ఆయనది, రేకు తనది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది.

ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెబితే నువ్వు ఫర్వాలేదంటావు. ఫర్వాలేదని దిగేస్తావు."

"దిగేదాన్నే. పచ్చగా కాకపోతే నీలంగా అవనివ్వండి, నాకేం? ఆ రోజు అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మీరొక్కరే నవ్వలేదు."

"ఎలా నవ్వను?" అన్నాడు ఆయన. "నలభై రెండు తెలుపులు కలిపాను. నీ జుట్టు తెలుపు మాత్రం నాకు రాలేదు. రిటైరయ్యేదాకా రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చుని ప్రయత్నించేవాణ్ణి, ఎవరికీ చెప్పకుండా. రాలేదు. అలాంటిదాన్ని మూడు మూతల మందు పోసి నా చేత్తో నేనే పాడుచేశాను."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నీళ్ళ గురించి తప్ప ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం టీచరమ్మ ఎరగదు. ఆయన గడ్డం మీద అంటుకున్న వెంట్రుక ముక్కలు దులిపింది. తర్వాత చెయ్యి చాపింది. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆ చేతిలో పెట్టాడు.

అయిదు నిమిషాల్లో ఆవిడ నల్లటి ఈత దుస్తుల్లో బయటికొచ్చింది. మూడేళ్ళ మడతలు అడ్డంగా తెలుస్తూనే ఉన్నాయి. ఆయన గట్టు మీద గొట్టం పట్టుకుని నిలబడి, క్లోరిన్ రెండు, పీహెచ్ ఏడు పాయింట్ నాలుగు, రాగి సున్నా అని రైలు వచ్చే వేళలు చదివినట్టు చదివి, ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి చూస్తానని వంగేలోపు ఆవిడ దూకేసింది. నీళ్ళు ఆయన మొహం మీద చిమ్మాయి. తుడుచుకోలేదు.

నీళ్ళు చల్లగా, మెత్తగా ఆవిణ్ణి పట్టుకున్నాయి. లోపల కళ్ళు తెరిచింది. మండలేదు. మోకాళ్ళు ఉన్న సంగతి మరిచిపోయింది. మొదటి రౌండుకి ఆయాసం వచ్చింది, రెండో రౌండుకి తగ్గింది, మూడో రౌండు నుంచి లెక్కపెట్టడం మానేసింది.

పదకొండింటికి మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చాడు. కంచె గేటు బార్లా తీసి ఉంది. లోపల ఎవరో ఈదుతున్నారు. గట్టు మీద పెద్దాయన నిలబడి ఉన్నాడు. పూడ్చడానికి కొలతలు తీసుకోమన్నారనీ, ఎటునుంచి మొదలుపెట్టమంటారనీ అడిగాడు మేస్త్రీ. డాక్టరు నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా, కూర్చో అన్నాడు. మేస్త్రీ కూర్చున్నాడు. పావుగంట పోయాక, లోపలున్నది ఎవరండీ అన్నాడు. మా ఆవిడ అన్నాడు డాక్టరు. ఇంకో పావుగంటకి మేస్త్రీ టేపు సగం లాగి మళ్ళీ వదిలేశాడు. ఆవిడ అటు వెళ్తోంది, ఇటు వస్తోంది, తెల్లటి తల ఎండలో పైకి లేస్తోంది, మునుగుతోంది.

"అమ్మగారు ఎప్పుడు బయటికొస్తారండీ?" అన్నాడు మేస్త్రీ ఓపిక చచ్చి.

"మూడేళ్ళ తర్వాత దిగింది నాయనా" అన్నాడు డాక్టరు. "ఇప్పట్లో రాదు. నువ్వెళ్ళిపో."

అప్పుడే ఇవతలి ఒడ్డుకి వచ్చిన టీచరమ్మకి ఆ మాట వినపడింది. తలెత్తి ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, గోడని కాళ్ళతో గట్టిగా ఒక తన్ను తన్ని, మళ్ళీ అవతలి ఒడ్డుకి బయలుదేరింది.